దొరసానమ్మ అడిగిన ప్రశ్నలు

రెబెకా తలుపు తీసింది. అక్కడే కదా మనం ఆగింది! గుమ్మంలో నెరిసిన జుట్టుతో, నీలం కోటు వేసుకుని, తోలు సంచీ భుజాన తగిలించుకున్న ఒక ఆంగ్లేయురాలు నిలబడి ఉంది.

ఈ వారమే కథలోకి వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. రెబెకా బహ్రెయిన్ రాజధాని మనామాలోని మహూజ్‌లో ఉంటుంది, ఒక క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టు. భర్త బెన్‌హర్ ఆరేళ్ళ కిందట సౌదీకి వెళ్ళే సముద్రపు వంతెన మీద కారు ప్రమాదంలో పోయాడు. అప్పటినుంచి ఆమె, అత్తగారు నరసాయమ్మ ఒకరికొకరు తోడుగా బతుకుతున్నారు. శుక్రవారం తెలుగు ప్రార్థన కూటంలో పరిచయమైన జయకర్ ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగినవాడు. లండన్‌లో స్థిరపడి బ్రిటిష్ పౌరసత్వం తీసుకుని, న్యాయశాస్త్రం బోధిస్తున్నాడు. ఓ ఏడాది ఇక్కడి కాలేజీలో పాఠాలు చెప్పడానికి వచ్చాడు. అంతలో లండన్ నుంచి కబురొచ్చింది. ఆ దేశపు గూఢచారి సంస్థలు లోపల ఏం చేస్తున్నాయో, ఎక్కడ తప్పుతున్నాయో చూసి చెప్పడానికి ప్రభుత్వంతో సంబంధం లేని ముగ్గుర్ని ఎంచుకున్నారు. అందులో జయకర్ ఒకడు. అయితే ఆ తలుపుల వెనక ఒక్క కాగితం ముట్టుకోవాలన్నా అతనికి ముందు భద్రతా అనుమతి రావాలి. అది ఇచ్చేముందు అతని గుట్టుమట్లన్నీ ఆరా తీస్తారు. ఆ ఆరా తీయడానికి వచ్చిన మనిషే ఈ మిసెస్ ఆల్డన్.

"తెలిసినవాళ్ళని అడగడం మామూలేనండీ. నా గురించి మీకు తెలిసింది చెప్పండి, చాలు" అన్నాడు జయకర్ పోయిన వారం. నిన్న మాత్రం ఫోన్ మీద ఫోన్ చేసి, ప్రతిసారీ కూటంలో పాడైన మైకు సంగతి అడిగి పెట్టేశాడు. ఆ మైకు మీద అతనికి అంత బెంగ ఎందుకో రెబెకాకి అంతుబట్టలేదు.

"లోపలికి రండి" అంది రెబెకా.

హాల్లో సోఫా మధ్యలో నరసాయమ్మ అప్పటికే కూర్చుని ఉంది. గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుంది. తెల్లారకముందే లేచి చేగోడీలు వేయించింది. లండన్ నుంచి మనిషి వస్తోందంటే సొంతూరు నరసాపురం పరువు తన చేతుల్లోనే ఉందని ఆవిడ నమ్మకం.

మిసెస్ ఆల్డన్ ఆవిడ వంక చూసి కాస్త తటపటాయించింది. "మీతో ఒంటరిగా మాట్లాడవలసి ఉంటుంది" అంది ఇంగ్లీషులో.

"మా అత్తగారు. ఆవిడకి ఇంగ్లీషు రాదండీ. మోకాళ్ళ నొప్పులు. లేచి లోపలికి వెళ్ళమంటే..."

"ఏమంటందే?" అంది నరసాయమ్మ.

"మీరు లోపలికి వెళ్తారా అని అడుగుతున్నారు."

"నేనెందుకెల్తాను? ఇల్లు నాది. ఆవిడ మాట్లాడేది నాకు తెలీదు, నేను మాట్లాడేది ఆవిడకి తెలీదు. ఇంక దాపరికమేముంది?"

రెబెకా ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పింది. మిసెస్ ఆల్డన్ పెదవుల చివర చిన్న నవ్వు మెదిలింది. "సరే, ఉండనివ్వండి" అని కుర్చీ లాక్కుంది. టీ వద్దంది, చేగోడీలూ వద్దంది. పని మీద వెళ్ళిన ఇంట్లో మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టుకోకూడదని నియమమట.

"ఉత్తి మంచినీళ్ళా!" నరసాయమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఏం పాపం చేసుకుందే ఆవిడ?"

ప్రశ్నలు మొదలయ్యాయి. జయకర్ ఎంతకాలంగా తెలుసు? తాగుతాడా? కోపం వస్తే ఏం చేస్తాడు? కూటంలో ఎవరితోనైనా తగవు పడ్డాడా? రెబెకా తెలిసినవి చెప్పింది, తెలియనివి తెలియదంది. తాగడు. కోపం వస్తే మాట్లాడడం మానేసి, ఎదురుగా ఉన్న కుర్చీలన్నీ వరసగా సర్దుతాడు. పోయిన క్రిస్మస్‌కి పాటల ఎంపిక దగ్గర సోమరాజుగారితో పేచీ వచ్చినప్పుడు హాలంతా అద్దంలా తయారైంది.

"నమ్మదగిన మనిషేనా?"

"ఆఁ."

"ఎందుకని?"

"శనివారాలు బుదైయా రైతుల సంతకి మా అత్తమ్మని తనే తీసుకెళ్తాడండీ. నేను వెనకాల వస్తూ చూస్తుంటాను. ఈవిడ మోకాళ్ళతో ఎంత నెమ్మదిగా నడిస్తే తనూ అంతే నెమ్మదిగా నడుస్తాడు. మేమెవరం గమనించడం లేదనుకున్నప్పుడు కూడా. అలాంటి మనిషి ఇంకోచోట ఇంకోలా ఉంటాడని నేననుకోను."

మిసెస్ ఆల్డన్ అది రాసుకుంది. తర్వాత కాగితం తిప్పి, మామూలు గొంతుతోనే అంది:

"ఇంక మీ ఇద్దరి సంగతికి వద్దాం. పెళ్ళి ఎప్పుడనుకుంటున్నారు?"

ఏసీ గుర్రుమంటోంది. కిందెక్కడో కారు హారన్ మోగింది.

"ఎవరి పెళ్ళండీ?" అంది రెబెకా.

పెన్ను ఆగిపోయింది. మిసెస్ ఆల్డన్ తలెత్తి రెబెకా ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో నటన లేదని గ్రహించడానికి ఆమెకి ఎంతోసేపు పట్టలేదు. ఆమె ఉద్యోగమే అది.

"అయ్యో!" అంది మెల్లగా. ముప్ఫై ఏళ్ళ అనుభవమున్న ఆ మనిషి చెవులు ఎర్రబడ్డాయి. "నేను రాకముందే మీకు చెబుతానని ఆయన నాకు మాటిచ్చారు."

"ఏం చెబుతానని?"

"మీ జీవితంలో అందరికన్నా దగ్గరైనవాళ్ళెవరని అడిగాను. అందరినీ అడిగే ప్రశ్నే అది. ఆయన మీ పేరు చెప్పారు. ఒప్పుకుంటే మిమ్మల్ని పెళ్ళి చేసుకోవాలని ఉందన్నారు. ఆ సంగతి మీకింకా తెలియదని కూడా అన్నారు. 'అయితే తప్పకుండా చెప్పండి, నేను ఆవిడ దగ్గరికి వెళ్ళాలి' అన్నాను."

నిన్నటి ఫోన్లన్నీ రెబెకాకి ఒక్కసారిగా అర్థమయ్యాయి. మైకు బాగయిందా అండీ? హలో, మళ్ళీ నేనే, ఆ మైకు... పాపం! నవ్వు రావాలో కోపం రావాలో తెలియలేదు. గుండె మాత్రం తనతో సంబంధం లేనట్టు గబగబా కొట్టుకుంటోంది.

"ఏమంటందే?" అంది నరసాయమ్మ.

"ఏం లేదత్తమ్మా. జయకర్‌గారి ఉద్యోగం సంగతి."

"మేరేజీ అంది."

రెబెకా బల్ల మీది మంచినీళ్ళ గ్లాసు అటూ ఇటూ జరిపింది.

"నాకు ఇంగ్లీషు రాదు గానీ మేరేజీ అంటే తెలీదా? ఈ బహ్రెయిన్‌లో నేను తినని మేరేజీ భోజనం లేదు. ఎవరి మేరేజీ?"

ఆరేళ్ళుగా ఈవిడ దగ్గర రెబెకా ఏదీ దాచలేదు. క్లినిక్‌లో ఎవరేమన్నా, ఒంట్లో నలతగా ఉన్నా, రాత్రి బెన్‌హర్ కలలోకి వచ్చినా పొద్దున్నే ఈవిడకి చెప్పి తీరాలి. అలాంటిది కొడుకుని పోగొట్టుకున్న తల్లితో, నీ కోడల్ని ఇంకొకరు చేసుకుంటామంటున్నారని ఏ నోటితో చెప్పడం?

అయినా చెప్పింది. తలొంచుకుని, పరాయి మనిషి గురించి చెబుతున్నట్టు చెప్పింది. "జయకర్‌గారికి నన్ను పెళ్ళి చేసుకోవాలని ఉందట. ఈవిడతో అన్నారట."

నరసాయమ్మ ఏడవలేదు, అదిరిపడలేదు. విసుగ్గా తొడ మీద చరుచుకుంది.

"ఆ సన్నాసి ఇంకా చెప్పలేదా నీకు!"

"అత్తమ్మా?"

"బుదైయా సంతలో మెంతికూర బేరమాడతా ఉంటే పక్కన నిలబడి అడిగేడు. 'పెద్దమ్మా, రెబెకాగారిని నేను అడగొచ్చా? మీకు కష్టంగా ఉంటే ఈ మాట ఇక్కడితో ఆపేత్తాను' అన్నాడు. చేతిలో రెండు కట్టలున్నాయి, మూడోది కింద పడేసేడు. 'అడగరా నాయనా, అదెప్పుడూ నా మొహం చూసే బతుకుతంది, దాని మొహం నువ్వన్నా చూడు' అన్నాను. ఆ కూర కట్టలు వాడిపోయి, వేరే కూర మొలిచి, అదీ కోతకొచ్చేసింది. ఇదిగో అడుగుతాను, అదిగో అడుగుతాను అంటాడు. నేనెన్నాళ్ళు నోరు కుట్టుకుని కూర్చోను?"

రెబెకా సోఫా చివర కూలబడింది. "అంటే మీకు తెలుసు. లండన్‌లో ప్రభుత్వానికి తెలుసు. మెంతికూర అమ్మే మనిషికి కూడా తెలుసు. నాకు తప్ప!"

"ఆ కూరగాయలాయనకి తెలుగు రాదులే."

"అత్తమ్మా!" రెబెకా ఆవిడ వైపు తిరిగింది. "ఇన్ని రోజులు ఒకే కంచం ముందు కూర్చున్నాం. ఒక్క మాట చెప్పాలనిపించలేదా? నేను మీకు ఏదైనా దాచానా ఎప్పుడైనా?"

"నువ్వు దాచలేదు. అందుకే చెప్పలేదు." నరసాయమ్మ స్వరం తగ్గింది. "నేను చెబితే నా నోటితో చెప్పినట్టవుద్ది. అత్త చెప్పింది కాబట్టి ఒప్పుకుందామనుకుంటావు, లేదా అత్త మనసులో ఏముందోనని వద్దంటావు. ఎలా చూసినా నీది కాదది. నీ అంతట నువ్వు విని, నీ అంతట నువ్వు ఆలోచించుకోవాలనుకున్నాను. తప్పా?"

రెబెకా కళ్ళు నిండాయి. మిసెస్ ఆల్డన్ సంచీలోంచి రుమాలు తీసి ముందుకు జరిపింది. ఏం జరుగుతోందో ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆమెకి అంతా అర్థమైనట్టే ఉంది.

"మీకు కావాలంటే నేను ఇంకోరోజు వస్తాను" అంది.

"వద్దండీ. అడగండి." రెబెకా ముఖం తుడుచుకుంది. "ముందు నేనొకటి అడగొచ్చా? ఆయన వెళ్ళేది మీ సంస్థల తప్పొప్పులు చూడడానికి. దానికి నా మనసుతో మీకేం పని?"

"న్యాయమైన ప్రశ్నే." మిసెస్ ఆల్డన్ పెన్నుకి మూత పెట్టి బల్ల మీద ఉంచింది. "ఆయన ఎవరిని ప్రశ్నించబోతున్నారో చూడండి. ఎదుటి మనిషి ఏం దాస్తున్నాడో కనిపెట్టడంలోనే జుట్టు నెరిసినవాళ్ళని. వాళ్ళలో కొందరికి బయటివాళ్ళు రావడం ఇష్టం లేదు. ఈయన జీవితంలో చెప్పుకోలేని సంగతి ఒక్కటున్నా, దాన్ని పట్టుకుని ఈయన నోరు కట్టేసేవాళ్ళు దొరుకుతారు. అప్పుడా సమీక్షకి విలువుండదు. అందుకే నేను మచ్చలేని మనుషుల కోసం వెతకను. నా దగ్గర ఏదీ దాచనివాళ్ళ కోసం వెతుకుతాను. ఆయన ఈ సంగతి దాచి ఉంటే నేనే వద్దని రాసేదాన్ని."

"మరి బయటివాళ్ళు లేకపోతేనేం?"

"లోపలివాళ్ళం మా తప్పులకి మేమే అలవాటు పడిపోతాం" అంది ఆమె క్లుప్తంగా.

రెబెకా అదంతా అత్తగారికి చెప్పింది. నరసాయమ్మ శ్రద్ధగా విని తలూపింది. "మన కూరలో ఉప్పెక్కువైందో లేదో చుట్టమొచ్చి తింటేగాని తెలీదు. అంతే కదా? మంచి పనే. అయితే చుట్టం చేతులు కడుక్కున్నాడో లేదో చూడ్డానికొచ్చింది ఈవిడ."

ఈ మాట ఇంగ్లీషులో విని మిసెస్ ఆల్డన్ మొదటిసారి బిగ్గరగా నవ్వింది. "మా శిక్షణలో ఇంత బాగా ఎవరూ చెప్పలేదు" అంది. తర్వాత పెన్ను అందుకుంది.

"ఆయన రహస్యం దాచగలరా?"

"నా దగ్గర ఎంత దాచారో ఇందాక మీరే చెప్పారు కదండీ."

"నిజమే." ఆమె నవ్వుతూనే రాసుకుంది. "ఇంకొకటి. అనుమతి వచ్చాక ఆయన అక్కడ చదివినవి మీకు చెప్పలేరు. ఈ ఏడాదీ కాదు, ముసలితనంలోనూ కాదు. ఇంటికొచ్చి మౌనంగా కూర్చుంటే ఎందుకని అడిగే హక్కు మీకుండదు. దాంతో బతకగలరా?"

తెలుగులో విన్న నరసాయమ్మ తేల్చేసింది. "మొగుడు ఆఫీసు గోల ఇంటికి తేకపోతే అదో వరం."

జయకర్ మౌనం ఎలా ఉంటుందో రెబెకాకి తెలుసు. కుర్చీలు సర్దుకునే మౌనం. ఆ మౌనం పక్కన కూర్చుని తను ఉల్లిపాయలు తరుగుతున్నట్టు ఊహించుకుంది. ఆ ఊహలో భయం వేయలేదు. హాల్లో లైటు వెలుగుతోంది, పక్కగదిలో అత్తమ్మ దగ్గు వినిపిస్తోంది. అన్నీ ఉన్నాయి.

"బతకగలను" అంది.

"అంటే ఆయన అడిగితే మీ జవాబు..." మిసెస్ ఆల్డన్ వాక్యం సగంలో ఆపింది. "చెప్పి తీరాలని లేదు. చెప్పలేదని రాసుకుంటాను, అంతే."

"మా అత్తమ్మ లేకుండా నేనెక్కడికీ వెళ్ళనండీ. ముందు అది రాసుకోండి."

"ఏమన్నావే?" అంది నరసాయమ్మ అనుమానంగా. రెబెకా చెప్పింది. ఆవిడ ముఖం ఎర్రబడింది.

"నన్ను అడ్డం పెట్టుకోకు! వద్దనుకుంటే వద్దని చెప్పు, నీ ఇష్టం. నా మోకాళ్ళ మీద నెట్టకు."

"వద్దనడం లేదత్తమ్మా. మిమ్మల్ని కూడా తీసుకెళ్తానంటున్నాను. లండన్‌కైనా సరే."

"లండన్‌లో చలంట కదా!"

"శాలువా కప్పుకుందురు గాని."

నరసాయమ్మ కోడలి చెయ్యి లాక్కుని తన ఒళ్ళో పెట్టుకుంది. వేళ్ళు ఒక్కొక్కటే నిమిరింది. బెన్‌హర్ పోయిన రోజు రెబెకా ఇలాగే ఈవిడ చెయ్యి పట్టుకుని, "నేనున్నాను" అంది. ఆ ఒక్క మాట మీదే ఇద్దరూ ఆరేళ్ళు నడిచారు.

"పిల్లోడు మంచోడే. కంగారు మనిషి, అంతే" అంది చివరికి. "ఒప్పుకో. నా బిడ్డ ఉన్నా ఈ మాటే అంటాడు."

రెబెకా మిసెస్ ఆల్డన్ వైపు తిరిగింది. "అవునని రాసుకోండి. ఆయన కన్నా ముందు మీకు చెబుతున్నాను. ఏం చేస్తాం, ఆయన చేసుకున్నదే."

"ఈ ముక్క నేను ఆయనకి చెప్పను" అంది మిసెస్ ఆల్డన్. "అది మాత్రం మీ రహస్యం."

ముగ్గురి మధ్యా గదిలో ఏదో తేలికపడింది. మిసెస్ ఆల్డన్ కాగితాల్లో చివరి పేజీకి వచ్చింది. గడియారం చూసుకుని, అందరినీ అడిగీ అడిగీ అరిగిపోయిన ప్రశ్నని వల్లించినట్టు అంది:

"ఇంకొక్కటి, వెళ్ళిపోతాను. మీ కుటుంబంలో ఎవరైనా, బతికున్నవాళ్ళు గాని పోయినవాళ్ళు గాని, ఏ దేశపు గూఢచారి సంస్థకైనా ఎప్పుడైనా పనిచేశారా? చాలామంది నవ్వుతారు దీనికి."

రెబెకా కూడా నవ్వింది. చేయి ఇంకా అత్తగారి ఒళ్ళోనే ఉంది. "మనింట్లో గూఢచారులెవరైనా ఉన్నారా అని అడుగుతున్నారత్తమ్మా!"

నరసాయమ్మ నవ్వలేదు.

నిమురుతున్న వేళ్ళు ఆగిపోయాయి. ఆవిడ మిసెస్ ఆల్డన్ వైపు కాసేపు చూసింది. తర్వాత కోడలి వైపు తిరిగింది. ఆ చూపు రెబెకా ఎరుగదు.

"ఇందాక ఏమంది ఈవిడ? ఆ పిల్లోడి తరపున ఒక్క సంగతి దాచినా అతన్ని పట్టుకుంటారంది కదా?"

"అంది. అయితే?"

"నువ్వతని మనిషివయ్యేక, మనింటి సంగతీ అతని సంగతే అవుద్ది కదా?"

"అత్తమ్మా, ఏంటి మీరనేది?"

నరసాయమ్మ పెదవులు తడుపుకుంది. "బెన్‌హర్ ఓడల కంపెనీలో స్టోర్‌కీపరని నీకు తెలుసు. కూటంలో అందరికీ అదే తెలుసు. వాడు అలాగే చెప్పమన్నాడు, అలాగే చెప్పాను. వాడు సరుకు లెక్క చూసేవాడు నిజమే. కానీ రేవులో ఏ ఓడ వచ్చిందో, ఎవరు దిగేరో, ఎవరికి చెప్పేవాడనుకున్నావు? ఈ లండనోళ్ళకే."

రెబెకాకి అన్నీ గుర్తొచ్చాయి. సౌదీ వంతెన. ఆ రోజు సెలవైనా తెల్లారకముందే బయల్దేరిన బెన్‌హర్. ఎందుకని అడిగితే బుగ్గ గిల్లి నవ్విన బెన్‌హర్.

జయకర్‌కి అనుమతి వస్తే ఆ తలుపుల వెనకికి వెళ్తాడు. అక్కడ బెన్‌హర్ పేరుంటే చదువుతాడు. ఆ రోజు వంతెన మీద ఏం జరిగిందో అతనికి తెలుస్తుంది. తెలిసి, ఇంటికొచ్చి, కుర్చీలు సర్దుకుంటూ ఉండిపోతాడు. తను అడగకూడదు. బతకగలనని ఇప్పుడే చెప్పింది.

మిసెస్ ఆల్డన్ ముఖంలో నవ్వు ఎప్పుడు పోయిందో తెలియదు. ఆ తెలుగు మాటల్లో ఆమెకి అర్థమైనవి రెండే: బెన్‌హర్, లండన్.

ఆమె పెన్ను మూత మళ్ళీ తీసింది.

"మీ అత్తగారు ఏమన్నారో చెప్పండి" అంది. "ఈసారి కూడా ఉన్నదున్నట్టు."